ఇంటికి, రేంజికి ఒకే రివాల్వర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: లైసెన్సు చేతికొచ్చింది. సెలవు రోజుల్లో షూటింగ్ రేంజిలో కాల్చుకోవడానికి, రాత్రిళ్ళు ఇంటి రక్షణకు కలిపి ఒకే రివాల్వర్ కొనాలనుకుంటున్నాను. “కొంటే .44 మ్యాగ్నమే కొను, దాన్ని మించింది లేదు” అని స్నేహితులు పట్టుబడుతున్నారు. దుకాణంలో మాత్రం .357 చూపించారు. ఏది మంచిది? గొట్టం ఎంత పొడవుండాలి?

జవాబు: .357 మ్యాగ్నమ్ తీసుకోండి. (.38, .357, .44 అన్నవి తూటా రకాల పేర్లు, మ్యాగ్నమ్ అంటే వాటిలో బలమైన రకం.) నాలుగంగుళాల గొట్టం, పూర్తిగా ఉక్కుతో చేసిన ఫ్రేము, కిలోకి కాస్త పైన బరువు. మీరు చెప్పిన రెండు పనులకూ రివాల్వర్లలో ఇంతకంటే బాగా కుదిరేది లేదు.

ముందు బలం సంగతి చూద్దాం. మామూలు .38 స్పెషల్ తూటాలో 158 గ్రెయిన్లు, అంటే పది గ్రాముల చిల్లర బరువున్న బుల్లెట్ సెకనుకు సుమారు 230 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. దాని శక్తి 270 జౌళ్ళ దగ్గర ఉంటుంది. అదే బుల్లెట్‌ను నాలుగంగుళాల గొట్టం నుంచి .357 మ్యాగ్నమ్ సుమారు 375 మీటర్ల వేగంతో పంపుతుంది, శక్తి 700 జౌళ్ళు దాటుతుంది. .44 మ్యాగ్నమ్‌లో బుల్లెట్ బరువే 240 గ్రెయిన్లు, శక్తి దాదాపు వెయ్యి జౌళ్ళు. కాగితం మీద .44దే పైచేయి. కానీ ఆ శక్తి పుట్టించే తన్ను కూడా చేతికే వస్తుంది. కిలో మూడు వందల గ్రాముల పైన బరువున్న .44 వెనక్కి తన్నే శక్తి, కిలో బరువున్న .357తో పోలిస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అదే .357లో .38 తూటా వేసి కాలిస్తే తన్ను మూడో వంతుకు పడిపోతుంది.

ఎంపిక తేలేది ఇక్కడే. .38 స్పెషల్ 1898 నాటిది. దాని షెల్‌నే, అంటే మందును, బుల్లెట్‌ను పట్టి ఉంచే డొప్పనే, సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పొడిగించి 1935లో .357 మ్యాగ్నమ్ తెచ్చారు. బుల్లెట్ వ్యాసం రెండింటిలోనూ ఒకటే. అందువల్ల .357 రివాల్వర్‌లో .38 తూటాలు నిశ్చింతగా కాల్చవచ్చు. నేర్చుకునేటప్పుడు మెత్తటి .38, చెయ్యి కుదిరాక కాస్త ఎక్కువ ఒత్తిడితో నింపిన .38 ప్లస్ పి, ఆ తర్వాత మ్యాగ్నమ్. తుపాకి మార్చనక్కర్లేకుండా మూడు మెట్లు ఎక్కవచ్చు. .44 మ్యాగ్నమ్‌లోనూ .44 స్పెషల్ వేయవచ్చు, అది మెత్తగానే ఉంటుంది. అయితే అది ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. తూటా ఖరీదైతే సాధన తగ్గుతుంది. సాధన లేని చేతిలో .44 ఉన్నా .22 ఉన్నా గురి తప్పడం మాత్రం ఖాయం.

“మించింది లేదు” అనే మాట .44 వచ్చిన 1955లో నిజమే. అంతకన్నా బలమైనవి, ముఖ్యంగా 2003లో .500 స్మిత్ అండ్ వెస్సన్, వచ్చాక ఇక చెల్లదు. ఇవన్నీ పెద్ద జంతువుల వేటకు, లేదంటే సరదాకు పనికొచ్చేవి. చీకటి గదిలో, నిద్రలోంచి లేచిన మనిషి చేతిలో ఉండాల్సినవి కావు. మొదటి గుండు తర్వాత రెండోది ఎంత త్వరగా గురి మీదికి వస్తుందన్నదే అక్కడ ముఖ్యం. .44తో గొట్టం పైకి లేచి దిగేసరికి .357లో .38 ప్లస్ పి కాల్చే మనిషి రెండోది కాల్చేసి ఉంటాడు.

గొట్టం రెండంగుళాలైతే మ్యాగ్నమ్ తూటాలోని తుపాకి మందు చాలావరకు బయట మంటగా కాలిపోతుంది, వేగం పడిపోతుంది. ఆరంగుళాలు రేంజిలో హాయిగా ఉంటుంది కానీ ఇంట్లో తలుపుల దగ్గర, మలుపుల దగ్గర అడ్డం పడుతుంది, ముందు బరువు ఎక్కువై ఒక చేత్తో పట్టుకోవడం కష్టమవుతుంది. మధ్యలో నాలుగంగుళాలు. స్మిత్ అండ్ వెస్సన్ 686, రూగర్ జీపీ100, 2020లో మళ్ళీ తయారీ మొదలైన కోల్ట్ పైథాన్ ఈ తరహావే. వీటిలో ఏది కొనాలన్నది మీ అరచెయ్యి చెప్పాలి. పిడిని సహజంగా పట్టుకున్నప్పుడు చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద సరిగ్గా ఆనాలి. వేలు అందడానికి పిడిని పక్కకు తిప్పి పట్టుకోవాల్సి వస్తోందంటే ఆ ఫ్రేము మీకు పెద్దది. పిడి మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతే వేరే తుపాకి చూడండి. గురి చూసే వెనుక సైటు మరలతో సర్దుకునేదై ఉండాలి. బుల్లెట్ బరువు మారితే గుండు తగిలే ఎత్తు మారుతుంది. రివాల్వర్‌లో బరువైన, నెమ్మదైన బుల్లెట్ పైన తగులుతుంది, తేలికైనది కింద తగులుతుంది. తన్నుకి గొట్టం లేవడం మొదలయ్యాక కూడా నెమ్మదైన బుల్లెట్ ఇంకా లోపలే ఉండటం దీనికి కారణం.

ప్రశ్న: నా చేతులు చిన్నవి. మూడు వందల యాభై గ్రాముల లోపు బరువుండే పొట్టి .357 ఒకటి చూశాను. బొమ్మలా ఉంది, పట్టుకోవడానికి ఎంతో హాయి. ఇంటికి ఇది చాలదా?

జవాబు: పట్టుకోవడానికి హాయి, కాల్చడానికి నరకం. ఒకే తూటాకి తుపాకి బరువు మూడో వంతయితే తన్ను శక్తి మూడు రెట్లవుతుంది. ఆ తేలిక తుపాకిలో మ్యాగ్నమ్ కాల్చితే, బరువైన .44 కన్నా గట్టిగా తంతుంది. సిలిండర్ ఒకసారి ఖాళీ అయ్యేసరికి బొటనవేలి మొదలు కమిలిపోతుంది, ఆ తర్వాత మీరు దాన్ని రేంజికి తీసుకెళ్ళరు.

ఇంకో చిక్కు ఉంది, చాలామందికి తెలియదు. తేలిక తుపాకి వెనక్కి విసురుగా వచ్చినప్పుడు, ఇంకా పేలని తూటాల్లోని బుల్లెట్లు జడత్వం వల్ల అక్కడే ఉండబోతాయి, షెల్ వెనక్కి జరుగుతుంది. షెల్ అంచు బుల్లెట్‌ను గట్టిగా బిగించి పట్టుకోకపోతే, నాలుగైదు కాల్పులకి ఒక బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ బయటికి పొడుచుకొస్తుంది. అది గొట్టానికో ఫ్రేముకో తగిలిందంటే సిలిండర్ తిరగదు. చాలా తేలికైన తుపాకుల తయారీదార్లు బుల్లెట్ కనీస బరువు ఇంత ఉండాలనో, తొడుగు లేని సీసపు బుల్లెట్లు వద్దనో చెప్పేది ఇలాంటి కారణాలకే. పరీక్ష సులువు. ఐదు గదుల (తూటాలు పట్టే రంధ్రాల) సిలిండర్‌లో నాలుగు కాల్చి, ఐదోది తీసి, కొత్త తూటా పక్కన పెట్టి పొడవు చూడండి. తేడా కనిపిస్తే ఆ తూటా ఆ తుపాకికి పనికిరాదు.

చిన్న చేతులకు సరైన దారి తేలిక తుపాకి కాదు, సన్న పిడి ఉన్న ఉక్కు తుపాకి. మూడంగుళాల గొట్టం, తొమ్మిది వందల గ్రాముల బరువు, లోపల .38. ట్రిగ్గర్ బరువుగా అనిపిస్తే నమ్మకమైన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) చేత సాఫు చేయించండి. స్ప్రింగులు మీరే కత్తిరించకండి. సుత్తి దెబ్బ బలహీనపడి, గట్టి ప్రైమర్లున్న (ప్రైమర్ అంటే సుత్తి దెబ్బకు మందును అంటించే వెనుక బిళ్ళ) తూటాలు పేలకుండా మిగిలిపోతాయి.

ప్రశ్న: .357 రివాల్వర్‌లో నెలల తరబడి .38 తూటాలే కాల్చాను. ఇప్పుడు మ్యాగ్నమ్ తూటాలు వేస్తే చివరి మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతున్నాయి. బొటనవేలితో నెడితే వెళ్తున్నాయి, కాల్చాక షెల్లులు బయటికి రావడం లేదు. తుపాకి పాడైందా?

జవాబు: పాడవలేదు, మసి పట్టింది. .38 షెల్ పొట్టిది కాబట్టి దాని నోటికి ముందు, సిలిండర్ గదిలో ఖాళీగా మిగిలే చోట కార్బన్, సీసం ఉంగరంలా పేరుకుంటాయి. పొడవైన మ్యాగ్నమ్ షెల్ వెళ్ళి సరిగ్గా ఆ ఉంగరం మీద ఆగుతుంది. బలవంతంగా నెట్టి కాల్చితే షెల్ నోరు విచ్చుకుని బుల్లెట్‌ను వదలడానికి చోటుండదు. ఒత్తిడి పెరుగుతుంది, షెల్ గోడలకు అతుక్కుంటుంది. కాబట్టి నెట్టడం ఇవాళే ఆపండి.

తుపాకి ఖాళీ చేసి, ప్రతి గదిలో సాల్వెంట్ రాసి పావుగంట నాననివ్వండి. తర్వాత ఒక సైజు పెద్ద కంచు బ్రష్షును, అంటే .40 లేదా .41ది, వెనుక నుంచి పెట్టి గదికి ఇరవైసార్లు తిప్పండి. ఉక్కు బ్రష్షు వద్దు, గోడల మీద గీతలు పడతాయి. గుడ్డముక్కతో తుడిచి, లైటు పెట్టి చూస్తే నల్ల పట్టీ పోయిందో లేదో తెలుస్తుంది. చివర్లో మ్యాగ్నమ్ తూటా తన బరువుతో తానే పూర్తిగా దిగాలి. ఇకపై రేంజి నుంచి వచ్చిన ప్రతిసారీ ఈ పని చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇందులోనే ఇంకోమాట. .38 రివాల్వర్‌లో .357 తూటా వేయాలని ఎప్పుడూ చూడకండి. పొడవు వల్ల మామూలుగా పట్టదు, కానీ గదులు వదులుగా తొలిచిన కొన్ని పాత తుపాకుల్లో పట్టేస్తుంది. .38 ఒత్తిడి పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, .357ది 35,000. సిలిండర్ పగిలితే పోయేది చేతివేళ్ళు.

ప్రశ్న: ఇంటి రక్షణకు లోపల ఏ తూటా ఉంచాలి? పక్క గదిలో పిల్లలు పడుకుంటారు. గోడ దాటి వెళ్తుందేమోనని భయం.

జవాబు: మీ భయం నిజమే. మనిషిని ఆపగల ఏ పిస్టల్ తూటా అయినా జిప్సం బోర్డు గోడను, చెక్క తలుపును దాటి వెళ్తుంది. ఇటుక గోడ ఆపవచ్చు, మీరు నమ్ముకోదగ్గది అదొక్కటే. “గోడలు దాటని తూటా” అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ముందు గుంట ఉండి, తగలగానే విచ్చుకునే హాలో పాయింట్ బుల్లెట్ నోట్లో బోర్డు పొడి దూరి మూసుకుపోతే అది కూడా మామూలు బుల్లెట్‌లాగే దూసుకుపోతుంది.

తూటా విషయంలో చేయగలిగింది అతిగా పోకుండా ఉండటమే. అమెరికా ఎఫ్‌బీఐ పరీక్షల్లో మనిషి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలో 12 నుంచి 18 అంగుళాల లోతు పోయే బుల్లెట్‌ను మంచిదిగా లెక్కేస్తారు. నాలుగంగుళాల గొట్టం నుంచి మంచి .38 ప్లస్ పి హాలో పాయింట్ ఆ కొలతకు సరిపోతుంది. ఇంట్లోకి మా ఓటు దానికే, మ్యాగ్నమ్‌కు కాదు. రెండంగుళాల గొట్టమైతే పొట్టి గొట్టాల కోసమే చేసిన తూటా వెతకండి, మామూలు హాలో పాయింట్‌కు విచ్చుకునేంత వేగం అందకపోవచ్చు.

మ్యాగ్నమ్ వద్దనడానికి రెండో కారణం చెవులు. ఒక్కసారి పేలే శబ్దం 140 డెసిబెల్స్ దాటితే వినికిడికి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. .357 మ్యాగ్నమ్ 160 డెసిబెల్స్ దాపులకు పోతుంది, మూసిన గదిలో గోడల మీద నుంచి తిరిగొచ్చే శబ్దం దానికి తోడు. చీకట్లో మంట వెలుగుకి కళ్ళూ కొన్ని క్షణాలు పనిచేయవు. .38 కూడా చెవులకు హాని చేసేదే, కానీ మంట తక్కువ, తన్ను తక్కువ.

అసలు కాపాడేది తూటా కాదు, ముందే వేసుకున్న ఏర్పాటు. ఇంట్లో వాళ్ళు ఎవరు ఏ గదిలో పడుకుంటారు, ఏ దిక్కుకు కాల్చకూడదు అన్నది పగటిపూట నడిచి చూసి నిర్ణయించుకోండి. వీలైతే అందరూ ఒకే గదిలో చేరి, తలుపు గడియ వేసుకుని, పోలీసులకు ఫోన్ చేసి, అక్కడే ఉండండి. తుపాకి పట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటూ తిరగకండి. పక్కన మంచి టార్చి ఉండాలి. ఎదురుగా ఉన్నది ఎవరో కళ్ళారా చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. అర్ధరాత్రి నీళ్ళకు లేచిన సొంత మనిషిని దొంగ అనుకుని కాల్చిన సంఘటనలు జరిగాయి. ఆత్మరక్షణకు కాల్చే హక్కు ఎంతవరకన్నది దేశాన్నిబట్టి మారుతుంది. మీ చట్టం ఏం చెబుతుందో లాయర్‌ను అడిగి ముందే తెలుసుకోండి.

ప్రశ్న: వాడిన రివాల్వర్ ఒకటి మంచి స్థితిలో ఉందని చెబుతున్నారు. కొనే ముందు ఏమేం చూడాలి?

జవాబు: మెరుపు చూసి మోసపోకండి, లోపలి కొలతలు చూడండి. ఫీలర్ గేజి సెట్టు (సన్నని సందులు కొలిచే రేకులు), చిన్న టార్చి, ఒక తెల్ల కాగితం పట్టుకెళ్ళండి. ముందుగా సిలిండర్ తెరిచి అన్ని గదులూ ఖాళీ అని కళ్ళతో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోండి. మూసేటప్పుడు రెండు చేతులతో మెల్లగా మూయండి. మణికట్టు విసిరి ఠక్కున మూస్తే సిలిండర్‌ను మోసే క్రేన్ వంగుతుంది. అమ్మే మనిషే అలా మూస్తే, తుపాకిని ఎలా వాడారో మీకు సగం తెలిసిపోయినట్టే.

మొదట టైమింగు, అంటే సుత్తి కదలికకు సిలిండర్ సరిగ్గా కలవడం. సిలిండర్ మీద వేలిని తేలిగ్గా ఆనించి కాస్త అడ్డుపెడుతూ, సుత్తిని బొటనవేలితో అతి నెమ్మదిగా వెనక్కి లాగండి. సుత్తి పూర్తిగా వెనక్కి వెళ్ళి ఆగేసరికి సిలిండర్ కూడా టక్కుమని తాళం పడి ఉండాలి. సుత్తి ఆగాక కూడా సిలిండర్‌ను వేలితో తోస్తే తప్ప తాళం పడకపోతే, సిలిండర్‌ను తిప్పే పంజా అరిగిపోయింది. అలాంటి తుపాకిలో బుల్లెట్ గొట్టం మధ్యలోకి కాకుండా అంచుకు తగిలి, సీసం పక్కలకు చిమ్ముతుంది. రేంజిలో పక్కన నిలబడ్డవారికి చెంప మీద చురుక్కుమంటోందంటే కారణం చాలాసార్లు ఇదే. ఒక్క గదిలో బాగుంటే చాలదు, అన్ని గదుల్లోనూ చూడాలి, ఆ పంజా తోసే పంటి చక్రం ఒక్క చోటే అరిగి ఉండవచ్చు.

తర్వాత ఖాళీ సందు. సిలిండర్ ముందు ముఖానికీ గొట్టం వెనుక అంచుకూ మధ్య 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల సందు ఉండాలి. 0.25 దాటితే వాయువు ఎక్కువ తప్పించుకుంటుంది, వేగం తగ్గుతుంది. మరీ తక్కువైతే వేడెక్కిన సిలిండర్ మసితో రాసుకుని పట్టేస్తుంది. ఈ కొలతను సిలిండర్‌ను వెనక్కి నొక్కి ఒకసారి, ముందుకు నొక్కి ఒకసారి తీయండి. రెండింటి తేడాయే సిలిండర్ ముందువెనుకల ఆట. 0.05 లోపుంటే మంచిది. 0.10 దాటితే ప్రతి కాల్పుకీ సిలిండర్ ఫ్రేమును సుత్తిలా కొడుతోందని అర్థం. సన్నని వాషర్లతో సరిచేయవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. పక్కల ఆట కొద్దిగా ఉండటం తప్పు కాదు. గది తనంతట తాను గొట్టంతో సరిపడేందుకు ఆ మాత్రం వదులు కావాలి.

సుత్తిని వెనక్కి లాగి ఉంచి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో ముందుకు గట్టిగా తోయండి. సుత్తి జారి పడితే ఎవరో ట్రిగ్గర్ తేలిక చేద్దామని సుత్తిని పట్టి ఆపే లోపలి మెట్టును అరగదీశారు. ఆ తుపాకి వద్దు, బేరం కూడా ఆడవద్దు.

గొట్టం వెనుక నోటి దగ్గర టార్చి వేసి, ముఖ్యంగా అడుగుభాగంలో పగుళ్ళున్నాయేమో చూడండి. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19 లాంటి మధ్యస్థ ఫ్రేము పాత .357లకు క్రేన్ పట్టడం కోసం ఆ నోటి అడుగున లోహాన్ని కొంత చెక్కేశారు. అక్కడ గోడ పలచన. తేలికైన 125 గ్రెయిన్ల మ్యాగ్నమ్ తూటాలు ఎక్కువగా కాల్చిన చోట అక్కడే పగిలేవి. 1980ల్లో వచ్చిన ఎల్ ఫ్రేము 686, రూగర్ జీపీ100లు ఆ చోట దళసరిగా ఉంటాయి. మోడల్ 19 చేతికి అందంగా అమరే తుపాకి, దాన్ని వద్దనడం లేదు. .38 మామూలుగా, మ్యాగ్నమ్ అరుదుగా కాల్చుకోండి, వేసినా 158 గ్రెయిన్లది వేయండి. ఫ్రేము పైపట్టీ అడుగున, సందుకు ఎదురుగా సన్నని గీతలా కోసుకుపోయినట్టు కనిపిస్తే కంగారుపడకండి, మంట వల్ల పడే ఆ గీత కొంత లోతుకు చేరాక సాధారణంగా ఆగిపోతుంది.

చివరగా సిలిండర్ తెరిచి, వెనుక తెల్ల కాగితం పట్టి, ముందు నుంచి గొట్టంలోకి చూడండి. మరచుట్లు పదునుగా కనిపించాలి. మధ్యలో నల్లటి ఉంగరం నీడలా కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బింది. మందు చాలని తూటా వల్ల ఒక బుల్లెట్ లోపలే ఇరుక్కుని, దాని వెనుక ఇంకోటి కాల్చితే అలా అవుతుంది. అలాంటిది వదిలేయండి. తెరిచిన సిలిండర్‌ను తిప్పినప్పుడు, ఖాళీ షెల్లులను బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్ కొస వంకరగా ఊగకూడదు. మరల తలల మీది గాడులు చిట్లి ఉంటే తెలియని చేతులు తుపాకి విప్పాయని లెక్క.

ప్రశ్న: సుత్తి లాగి కాలిస్తే పది రింగులో పడుతుంది. నేరుగా ట్రిగ్గర్ నొక్కి కాలిస్తే గుండ్లన్నీ కింద, ఎడమ వైపు పడుతున్నాయి. నాది కుడిచేతి వాటం. తుపాకి సైట్లు సరిచేయించాలా?

జవాబు: సైట్లు ముట్టకండి. సుత్తి లాగి కాల్చినప్పుడు మధ్యలోనే పడుతోందంటే సైట్లు సరిగ్గానే ఉన్నాయి. సుత్తి లాగితే ట్రిగ్గర్ బరువు కిలోన్నర, నేరుగా నొక్కితే ఐదు కిలోలు. ఆ ఐదు కిలోలు నొక్కేటప్పుడు మిగతా వేళ్ళు కూడా కలిసి బిగుసుకుంటాయి. దానికి తోడు చప్పుడు రాబోతోందని శరీరం ముందే ఉలిక్కిపడి గొట్టాన్ని కిందికి తోస్తుంది.

రివాల్వర్‌లో దీన్ని పట్టుకోవడం తేలిక. ఒకరిని సిలిండర్‌లో రెండు మంచి తూటాలు, నాలుగు కాల్చేసిన షెల్లులు కలిపి మీకు తెలియకుండా పేర్చమనండి. పేలని గది వచ్చినప్పుడు గొట్టం తటాలున కిందికి వంగితే మీ జబ్బు మీ కళ్ళకే కనిపిస్తుంది. వంగకుండా వరసగా ఆరు నొక్కగలిగే దాకా ఈ సాధన మానకండి.

ఇంట్లో ఖాళీ తుపాకితో సాధన ఇంకా పనిచేస్తుంది. తూటాలు ఇంకో గదిలో పెట్టి తాళం వేయండి, సిలిండర్ రెండుసార్లు చూడండి, డమ్మీ తూటాలు వేసి, ఇటుక గోడ వైపు గురిపెట్టండి. ముందు సైటు మీద చిన్న నాణెం పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్‌ను ఆగకుండా ఒకే జోరుతో చివరి దాకా లాగండి. మధ్యలో ఆగి, గురి సరిచూసుకుని మళ్ళీ లాగడం అలవాటు చేసుకోకండి. రోజుకు పది నిమిషాలు చాలు. అయ్యాక “సాధన ముగిసింది” అని పైకి అనుకుని తుపాకి పెట్టేయండి. ఇంట్లో పొరపాటున పేలిన తుపాకులు చాలావరకు సాధన అయ్యాక తూటాలు నింపి, “ఇంకొక్కసారి” అని నొక్కినవే.

పట్టు కూడా చూసుకోండి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అలవాటున్నవారు ఎడమ బొటనవేలిని ఫ్రేము వెంట ముందుకు చాచి పెడతారు. రివాల్వర్‌లో అది ప్రమాదం. సిలిండర్ సందులోంచి పక్కలకు చిమ్మే మంట మ్యాగ్నమ్‌లలో చర్మాన్ని కోసేస్తుంది, .500 లాంటి వాటిలో వేలినే తీసేయగలదు. ఎడమ బొటనవేలు కుడి బొటనవేలి మీద మడిచి ఉండాలి. కళ్ళద్దాలు, చెవుల్లో ప్లగ్గులు, వాటిమీద మఫ్స్ లేకుండా మ్యాగ్నమ్ కాల్చకండి.

ప్రశ్న: “రివాల్వర్ ఎప్పుడూ ఇరుక్కోదు” అని విని కొన్నాను. రేంజిలో రెండోసారి తూటాలు నింపాక సిలిండర్ మూసుకోలేదు, బలవంతంగా మూస్తే ట్రిగ్గర్ కదల్లేదు. ఎందుకిలా?

జవాబు: రివాల్వర్ తక్కువసార్లు ఇరుక్కుంటుంది. ఇరుక్కుందంటే మాత్రం సెమీ ఆటోమేటిక్‌లా పైన జరిగే స్లైడు లాగి సరిచేసుకునే వీలుండదు.

మీ విషయంలో అనుమానం ఎక్స్‌ట్రాక్టర్ (షెల్లులను బయటికి లేపే నక్షత్రం ఆకారపు ముక్క) కిందే. ఖాళీ షెల్లులు తీసేటప్పుడు గొట్టం నేల వైపో అడ్డంగానో ఉంటే, కాలని మందు పలుకులు ఆ నక్షత్రం కిందికి దూరతాయి. ఒక్క పలుకు చాలు, నక్షత్రం పూర్తిగా ఆనదు, తూటాలు వెనక్కి పొడుచుకొచ్చి ఫ్రేముకు రాసుకుంటాయి. పాత పళ్ళ బ్రష్షుతో ఆ అడుగుభాగాన్ని, దాని గూడును శుభ్రం చేయండి. అక్కడ నూనె పూయకండి, జిగురుకి పలుకులు ఇంకా అతుక్కుంటాయి. ఇకనుంచి గొట్టాన్ని నేరుగా ఆకాశం వైపు ఎత్తి, రాడ్‌ను అరచేత్తో ఒకే గట్టి దెబ్బ కొట్టండి. మెల్లగా నెడితే షెల్ అంచు నక్షత్రం కిందికి జారి, గదిలోకి వెనక్కి పోతుంది. అది ఇంకా పెద్ద తలనొప్పి.

శుభ్రం చేశాక కూడా ఇరుక్కుంటే తూటాల వెనుక వేలితో తడమండి. ప్రైమర్ షెల్ మట్టం కన్నా పైకి ఉబ్బి ఉంటే అదీ రాసుకుంటుంది. చేత్తో నింపిన తూటాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. సిలిండర్ అసలు తెరుచుకోకపోతే ఎజెక్టర్ రాడ్ వదులై ముందుకు వచ్చి ఉంటుంది. దాన్ని బిగించేటప్పుడు సిలిండర్‌లో ఖాళీ షెల్లులు పెట్టుకోండి, లేకపోతే నక్షత్రాన్ని నిలబెట్టే చిన్న పిన్నుల మీద భారం పడుతుంది. చాలా స్మిత్ అండ్ వెస్సన్‌లలో ఆ మర ఎడమకు తిప్పితే బిగుస్తుంది, గుర్తుంచుకోండి.

కాల్చినప్పుడు శబ్దం మామూలుగా కాక “టుప్” మని వస్తే, మళ్ళీ ట్రిగ్గర్ నొక్కకండి. బుల్లెట్ గొట్టంలోనే ఉండి ఉండవచ్చు. అసలు పేలకపోతే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు తెరవండి.

ప్రశ్న: ఆరేళ్ళ బాబున్నాడు. అత్యవసరంలో అందకపోతే తుపాకి ఎందుకని, తూటాలు నింపి బీరువా పైన పెడదామనుకుంటున్నాను.

జవాబు: వద్దు. పిల్లలకు అందని ఎత్తు, తెలియని చోటు ఇంట్లో ఉండవు. రివాల్వర్ ట్రిగ్గర్ బరువని పిల్లలు నొక్కలేరనుకోవడం తప్పు, రెండు చేతుల వేళ్ళతో నొక్కగలరు. సుత్తి లాగి వదిలేసి ఉంటే ఒక్క వేలు చాలు.

తక్షణం అందాలంటే బటన్లతో తెరుచుకునే చిన్న స్టీలు సేఫ్ కొని, మంచం పక్కన నేలకో గోడకో బోల్టులతో బిగించండి. చీకట్లో కళ్ళు మూసుకుని తెరవడం సాధన చేస్తే నాలుగైదు సెకన్ల పని. బ్యాటరీ ఏటా మార్చండి, అత్యవసర తాళంచెవి ఇంట్లో పిల్లలు చూడని చోట ఉంచండి. తూటాలు నింపి ఉంచాల్సింది ఆ సేఫ్‌లోనే, బయట ఎక్కడా కాదు. సేఫ్ లేని రోజున తుపాకి ఖాళీగా ఉండాలి, కేబుల్ తాళం తెరిచిన సిలిండర్ గుండా, ఫ్రేము లోంచి పోయి ఉండాలి, తూటాలు వేరేచోట తాళంలో ఉండాలి.

ఇంట్లో ఎవరైనా దిగులుతో, తాగుడుతో, బతుకు మీద విరక్తితో ఉన్నట్టు కనిపిస్తే సేఫ్ కూడా చాలదు. ఇంట్లో తుపాకి అందుబాటులో ఉంటే ఆత్మహత్యల ముప్పు పెరుగుతుందని పరిశోధనలు పదేపదే చెప్పాయి. ఆ మనిషి కుదుటపడే దాకా తుపాకిని చట్టం అనుమతించే విధంగా ఇంటి బయట భద్రపరచండి. దొంగ వస్తాడో రాడో తెలియదు, ఈ ముప్పు ఇప్పటికే ఇంట్లో ఉంది.

ప్రశ్న: తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి సేఫ్‌లో ఉంచవచ్చా?

జవాబు: ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధి చేసినప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. నెలల్లో ఉక్కుకి తుప్పు, ఇత్తడి షెల్లులకు పచ్చటి చిలుము పడతాయి. స్టెయిన్‌లెస్ తుపాకికి కూడా మచ్చలు పడతాయి. పలచగా నూనె తుడిచి, సిలికా జెల్ సంచీతో పాటు విడిగా పెట్టండి. సిలిండర్ గదుల్లో నూనె తడి లేకుండా చూడండి, అది ప్రైమర్‌లోకి పాకితే తూటా పేలదు. లోపల ఉంచిన తూటాలను ఏడాదికోసారి రేంజిలో కాల్చేసి కొత్తవి వేయండి.